పొల్లుపోకుండా రాసే వకిసాకా

వకిసాకా గారి గురించి ఎవరేం కూసినా నా పెనం దగ్గర మాత్రం కూయొద్దని ముందే చెప్పేశాను. ఆయన దొంగో దొరో నాకు తెలిసినంతగా ఈ కురె ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. నా తరవాత తెలిసినవాడు కజితా ఒక్కడే. వాడి సంగతికి తరవాత వస్తాను.

పైకప్పేసిన ఆర్కేడు బజారు వెనక సందులో ముప్ఫై ఏళ్ళుగా అట్లు పోస్తున్నదాన్ని. క్యాబేజీ పోగేసి, సన్న నూడుల్సు పరిచి, సగానికి మడిచి ఇస్తాను. నా కొట్టుకి నాలుగు గుమ్మాల అవతల మెట్లు దిగితే నేలమాళిగలో పాటల హాలుంది. ఆదివారం ఆదివారం అయిదుగురు ఆడపిల్లలు అక్కడ పాడుతూ ఆడతారు. ఆట అవగానే అభిమానులు చెమటలు కక్కుకుంటూ నా కొట్టు మీద పడతారు. పాతికేళ్ళ కుర్రాడి నుంచి అరవయ్యేళ్ళ ముసలాడి దాకా అందరికీ నేను పిన్నిని. నేనూ అభిమానినే, చెప్పుకోడానికి సిగ్గేం లేదు. అరవై ఒకటో ఏట వెలుగుకడ్డీ పట్టుకుని ఊపుతాను, మోకాళ్ళు ఒప్పుకున్నంత మేరకు ఎగురుతాను.

వకిసాకా గారిది ఓడల కార్ఖానాలో పని. ఓడ పొట్టకి అతుకులు వేశాక ఆ అతుకుల్ని రాపిడి యంత్రంతో నున్న చెయ్యాలి. ఇరవై తొమ్మిదేళ్ళు అదే పని, అదే రొద. మనిషి బీరువాలా ఉంటారు, మెళ్ళో తువ్వాలు, గోళ్ళ నిండా నలుపు. మాట్లాడితే సందు చివరికి వినపడుతుంది. పెళ్ళీ పెటాకులూ లేవు. కొండ మీద నూటపది మెట్లెక్కితే ఒక గది, ఆ గదిలో ఒక కంప్యూటరు, అందులో ఒక బ్లాగు.

ఆ బ్లాగు నిండా రిపోర్టులే. హాల్లో ఫోటో తీయకూడదు, రికార్డు చెయ్యకూడదు. చేస్తే జన్మలో మళ్ళీ ఆ మెట్లు దిగనివ్వరు. కాబట్టి పాటల మధ్యలో పిల్లలు ఏం మాట్లాడారో, ఎవరు ఎవర్ని ఏడిపించారో, రాలేకపోయిన వాళ్ళకి తెలియాలంటే, విన్నవాళ్ళు గుర్తుపెట్టుకుని ఇంటికెళ్ళి రాయాలి. అలా రాసేవాళ్ళు మా ఊళ్ళో తొమ్మిదిమంది. ఎవరు ముందు రాశారు, ఎవరిది ఎక్కువమంది చదివారు, ఎవరు తప్పు రాశారు, ఇదే వాళ్ళకి తిండీ నిద్రా. సవతుల పోరు నయం.

వాళ్ళందరిలో వకిసాకా గారిది పెద్దపీట. పొల్లుపోకుండా రాస్తారని పేరు. మిసుజు అనే పిల్లంటే ఆయనకి ప్రాణం. ప్రాణమంటే వెకిలిగా కాదు. ఆ పిల్ల పదమూడేళ్ళప్పుడు భయంతో మాట పెగలక స్టేజి మీద నిలబడిపోయిన రోజు నుంచి ఒక్క ఆదివారం మానకుండా చూశారు. ఆ పిల్ల తండ్రి కురహాషి దీవిలో తినే ఆలుచిప్పలు పెంచే తెప్పల మీద పనిచేస్తాడు. చలికాలం ఆదివారాలు ఆయనకి సెలవుండదు. కూతురు ఏం మాట్లాడిందో వకిసాకా గారి రిపోర్టు చదివే తెలుసుకుంటాడని అందరికీ తెలుసు.

ఇక కజితా. వాడికి ఇరవై ఏడు, ఫోన్ల కొట్లో ఉద్యోగం. అయిదేళ్ళ కిందట వకిసాకా గారి రిపోర్టులు చదివే ఈ హాలుకి వచ్చాడు. "గురువుగారూ, గురువుగారూ" అంటూ ఆయన పక్కనే కూర్చుని తినేవాడు. తరవాత సొంత బ్లాగు పెట్టాడు. తరవాతేముంది, ఒక ఒరలో రెండు కత్తులు. ఓ ఆదివారం మూడో పాటలో మిసుజు ఏడ్చిందని కజితా రాశాడు. కాదు, అది చెమట అని వకిసాకా గారు రాశారు. ఆ ఒక్క చుక్క మీద రెండు నెలలు యుద్ధం! చదివేవాళ్ళు చెమట పార్టీ, కన్నీళ్ళ పార్టీ అని రెండుగా చీలారు. అప్పట్నుంచి నా కొట్లో ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర.

"పిన్నీ, ఆ సాసు సీసా ఇటు పంపమని ఆయనకి చెప్పండి" అంటాడు కజితా.

"నీకు నోరు లేదూ? నువ్వే అడుగు" అంటాను.

"నేనడిగితే పలకడు పిన్నీ. మహారాజులకి మా మాటలు చెవికెక్కవు."

నిజంగానే వకిసాకా గారు తలతిప్పేవారు కాదు. పొగరనుకున్నాడు వాడు. నేనూ అలాగే అనుకున్నాను. బీరు పొయ్యనా అని అడిగితే "రెండు గుడ్లు చాలు" అనేవారు. రిపోర్టు ధ్యాసలో ఉన్నారులే అని నవ్వుకునేదాన్ని. నా బుర్ర తగలెయ్య!

అక్టోబరులో మిసుజు తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. మా వాళ్ళు దాన్ని పట్టా పుచ్చుకోవడం అంటారు, బడి చదువు ముగిసినట్టు. చివరి ఆట నవంబరు ఇరవై మూడు. టిక్కెట్లు దొరికినవాళ్ళు దేవుళ్ళకి మొక్కులు తీర్చుకున్నారు. వకిసాకా గారు కార్ఖానాలో ఆ ఆదివారం అదనపు పని పడకుండా మేస్త్రీకి రెండు సీసాలు సమర్పించుకున్నారు.

నవంబరు రెండో వారంలో కజితా బ్లాగులో పేల్చాడు.

"నేను వకిసాకా గారి ఏడేళ్ళ రిపోర్టులూ మొదటి నుంచి మళ్ళీ చదివాను" అని మొదలుపెట్టాడు. "ఆరేళ్ళ పాటు ఆయన ప్రతి రిపోర్టులో రెండు మూడు చోట్ల 'ఇక్కడ నాకు వినపడలేదు' అని నిజాయితీగా రాసుకున్నారు. గత ఏడాదిగా ఆ మాట ఒక్కసారీ లేదు. ఒక్క అక్షరం జారిపోలేదు. యాభై దాటిన మనిషికి చెవులు బాగుపడతాయా? లేక ఆ చెవులు జేబులో ఉన్నాయా?"

అంతే, ఊరు అంటుకుంది. ఒక్క రోజులో నాలుగొందల వ్యాఖ్యలు. దొంగ అన్నవాళ్ళు కొందరు, కుళ్ళుమోతు కజితా అన్నవాళ్ళు కొందరు. హాలు మేనేజరు మియోషి నా కొట్టుకే వచ్చాడు. నెమ్మదస్తుడే, కానీ ఆ రోజు మొహం గంటు పెట్టుకున్నాడు.

"వకిసాకా గారూ, అవునో కాదో తేల్చండి. అవునైతే రూలు మీకు తెలుసు. చివరి ఆట అయినా సరే, గుమ్మం దాటనివ్వను" అన్నాడు.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ నోరు మూసుకుని ఉంటే నేను నేనెందుకవుతాను?

"తేల్చడానికి ఇంత గొడవెందుకయ్యా?" అని అట్లకాడ పెనం మీద కొట్టాను. "వచ్చే ఆదివారం గుమ్మంలోనే ఇద్దరి జేబులూ దులుపు. ఆట అవగానే ఇక్కడికి తీసుకురా. ఇద్దరూ నా కళ్ళ ముందు రాస్తారు. మీ హాలు సొంత రికార్డు తెచ్చి సరిచూడు. ఈయన గెలిస్తే ఈ కజితా గాడు వీధిలో నిలబడి దణ్ణం పెట్టాలి!"

"పెడతాను. ఓడితే?" అన్నాడు కజితా.

"ఈయన ఓడరు. ఓడితే జన్మలో ఆ మెట్లు దిగరు, చాలా?"

వకిసాకా గారు నా నోటి వంకే చూస్తున్నారు. "అక్కగారూ, వద్దు. అదంతా ఎందుకు?" అన్నారు.

"మీరు ఊరుకోండి. ఏ పాపం చెయ్యని మనిషికి భయమేమిటి?" అన్నాను.

బేరం కుదిరిపోయింది. కుదిర్చింది నేను.

పదహారో తారీకున మియోషి గుమ్మంలో ఇద్దర్నీ తాళంచెవుల దాకా తడిమి లోపలికి పంపాడు. ఎప్పుడూ వెనక స్తంభం దగ్గర, స్పీకరు పక్క కొక్కేనికి జాకెట్టు తగిలించి నిలబడే వకిసాకా గారు ఆ రోజు ముందు వరసకి తోసుకెళ్ళారు. తెగించాడు నా తండ్రి అనుకున్నాను. పాటల మధ్య పిల్లలు మాట్లాడుతున్నంత సేపూ ఆయన మెడ సాచి మిసుజు మూతి వంకే చూశారు. ఆ పిల్ల మైకు పెదాలకి ఆనించి మాట్లాడుతుంది. మైకు వెనక పెదాలు కనపడవు.

రెండున్నరకి కొట్టు తలుపు మూసి "ఇవాళ కొట్టు లేదు" అని బోర్డు తగిలించాను. సాక్ష్యానికి నలుగురు పాత కాపులు కూర్చున్నారు. ఇద్దరికీ కాగితాలు, పెన్సిళ్ళు ఇచ్చాను. నలభై నిమిషాలు గడువు. కజితా తల దించి బరబరా రాసుకుపోతున్నాడు. వకిసాకా గారు ఒక పేజీ రాశారు, ఆగారు, గోడ మీద ధరల పట్టీ చూశారు, మళ్ళీ రాశారు, మళ్ళీ ఆగారు. చలికాలంలో ఆయన మెడ మీంచి చెమట కారుతోంది.

"రాయండి, టైమైపోతోంది" అన్నాను వెనక నుంచి. ఆయన కదల్లేదు.

మియోషి చెవులకి ఇయర్‌ఫోన్లు తొడుక్కుని, హాలు వీడియో నడిపిస్తూ ముందు కజితా కాగితం చూశాడు. పాటల మధ్య పిల్లలాడిన పన్నెండు ముచ్చట్లలో పది సరిపోయాయి. తరవాత వకిసాకా గారిది తీశాడు. పాటల వరస సరి. రెండో పాటలో మిసుజు ఎడమ బూటు తాడు ఊడింది, సరి. నాలుగో పాటలో ఒక పిల్ల అడుగు తప్పితే ఇంకో పిల్ల జరిగి కప్పేసింది, అది వీడియో చూసేదాకా మియోషికే తెలియదు. అక్కడిదాకా చదివి ఆగిపోయి, కాగితం నా చేతికిచ్చాడు.

"మిసుజు ఏదో చెప్పి నవ్వింది. వినపడలేదు. హాలంతా నవ్వింది. ఎందుకో వినపడలేదు. అయిదుగురిలో చిన్నపిల్ల జవాబిచ్చింది. వినపడలేదు." పేజీ కింది దాకా అదే.

"చూశారా పిన్నీ! జేబు ఖాళీ అయితే బుర్రా ఖాళీ!" కజితా గట్టిగా నవ్వాడు.

"వకిసాకా గారూ, ఏమిటిది?" అని అరిచాను. ఆయన ఎడమ పక్కన నిలబడి అరిచాను. ఆయన పెన్సిలు చెక్కుకుంటున్నారు.

కజితా నవ్వు ఆగిపోయింది. వాడు లేచి నెమ్మదిగా వచ్చి, ఆయన ఎడమ భుజం వెనక నిలబడి, మామూలు గొంతుతో అన్నాడు, "వకిసాకా గారూ, మీ తువ్వాలు పెనం మీద పడింది. కాలిపోతోంది."

ఆయన పెన్సిలు చెక్కుతూనే ఉన్నారు.

అప్పుడు తలెత్తి మా మొహాలు చూశారు ఆయన. ఆయనకి అర్థమైపోయింది.

"ఎడమది రెండేళ్ళ కిందటే పోయింది. కుడిది సగం ఉంది. ఎదురుగా నిలబడి గట్టిగా అంటే అందుతుంది, పెదాలు కనిపిస్తే ఇంకొంచెం. కజితా రాసింది నిజమే. ఏడాదిగా జాకెట్లో చిన్న యంత్రం పెట్టాను. ఇంటికెళ్ళి కుడి చెవికి ఆనించుకుని వినేవాణ్ణి" అన్నారు.

"మరి ఆ రోజే చెప్పి చావచ్చుగా! పందెం కాశాను కదయ్యా మీ మీద!" అన్నాను.

"చెబుదామనుకునేలోపే మీరు కాసేశారు అక్కగారూ."

నేను మియోషి చేతులు పట్టుకున్నాను. "వచ్చే ఆదివారం ఒక్కటీ రానివ్వు బాబూ. ఆ తరవాత నీ ఇష్టం."

"ఎలా పిన్నీ? ఇవాళ ఈయన్ని వదిలితే రేపు యంత్రంతో దొరికిన ప్రతివాడూ చెవి చూపిస్తాడు. పిల్లల మాటలు ఎక్కడెక్కడికో అమ్ముకుంటారు" అన్నాడు. వాడి కళ్ళూ తడిగానే ఉన్నాయి, కానీ మాట మార్చలేదు. వకిసాకా గారు సభ్యత్వం కార్డు తీసి రెండు చేతులా ఇచ్చి, నడుము వంచి దణ్ణం పెట్టారు.

తరవాత కజితా వైపు తిరిగారు. "రాసుకో. రికార్డు చేశానని రాయి. చెవి సంగతి మాత్రం రాయకు. మీరెవరూ చెప్పకండి."

"అదేంటి గురువుగారూ?" చాలా ఏళ్ళ తరవాత వాడి నోట ఆ పిలుపు విన్నాను. వాడు ఆయనకి ఎదురుగా వచ్చి గట్టిగా అన్నాడు, "చెవి సంగతి తెలిస్తే జనం తిట్టరు. జాలిపడతారు."

"జనం ఏమనుకుంటే నాకేం? ప్రతి ఆదివారం ఆట అయ్యాక వరసలో నిలబడి చేతులు కలుపుతాం కదా, ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ఏదో చెబుతుంది. మూడు సెకన్లు. ఆ రొదలో, తల వంచుకుని చెబుతుంది. నేను తల ఊపుతాను. ఏడాదిగా ఒక్క ముక్క వినపడలేదు. అక్కడ జేబులు చూస్తారు కాబట్టి యంత్రమూ లేదు. ఏడాది పాటు గోడకి చెప్పుకున్నానా అనుకోదూ? దొంగ అనుకుంటే కోపం వస్తుంది, పోతుంది. ఇది పోదు."

అందరి చేతా ఒట్టు వేయించుకున్నారు. నా చేతా వేయించుకున్నారు.

కజితా ఆ సాయంత్రమే రెండు వాక్యాలు పెట్టాడు. రికార్డు చేసినట్టు ఒప్పుకున్నారు, హాలు ఆయన్ని నిషేధించింది, అంతే. గెలిచినవాడి రాతలా లేదు. జనానికి అదే చాలు. ఛీ అన్నారు, థూ అన్నారు, ఏడేళ్ళుగా పిల్లల మాటలు అమ్ముకున్నాడన్నారు. నా బల్లల దగ్గర కూర్చుని నా అట్లు తింటూ అన్నారు. నాలుక కరుచుకుని, కరుచుకుని, ఆ వారమంతా ఉప్పు రుచి కూడా తెలియలేదు నాకు.

ఇరవై మూడు. హాలంతా మిసుజు రంగు పసుపు. స్తంభం దగ్గర కొక్కెం ఖాళీగా ఉంది. కజితా ముందు వరస వదిలేసి ఆ స్తంభం దగ్గరే నిలబడ్డాడు. చివరి పాటకి ముందు మిసుజు మైకు పట్టుకుని అందరికీ కృతజ్ఞతలు చెప్పింది, తండ్రి పేరు చెప్పింది. తరవాత గొంతు మారింది.

"ఒక్క మాట చెప్పకుండా వెళ్ళలేను. ఏడేళ్ళు నేను నమ్మిన మనిషి దొంగచాటుగా మా మాటలు పట్టుకెళ్ళాడని తెలిసింది. నా మీద నమ్మకం లేదా, నా మాటలు గుర్తుంచుకోదగ్గవి కావా అని వారం రోజులు ఏడ్చాను" అంది.

హాల్లో ఎవరో "దొంగ!" అని అరిచారు. ఇంకెవరో అందుకున్నారు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటోంది. ఒట్టు, ఒట్టు అని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. కాళ్ళు ముందుకెళ్ళిపోయాయి.

"దొంగ కాదే పిచ్చిదానా! ఆయనకి వినపడదు!" అని అరిచాను. ముప్ఫై ఏళ్ళు పెనం సెగకి మాడిన గొంతు, మైకు అక్కర్లేదు. "చెవులు పోయాయి! నీ మాట వినాలనే ఆ యంత్రం! నువ్వు చెయ్యి పట్టుకుని చెప్పింది ఒక్కటీ వినపడలేదు. నీకు తెలిస్తే బాధపడతావని దొంగ అనిపించుకున్నాడు!"

గుంపంతా నా వైపు తిరిగింది. మియోషి నన్ను బయటికి పంపాలి, పంపలేదు. మిసుజు మైకు దించింది, మళ్ళీ ఎత్తింది. తరవాత మాట్లాడింది. చాలానే మాట్లాడింది. నేను మొహం తువ్వాల్లో పెట్టుకుని ఏడుస్తున్నాను, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఆ మాటలకి జనం నవ్వారు, మళ్ళీ ఏడ్చారు. అదొక్కటే గుర్తు.

ఆ రాత్రి వేలమంది కజితా బ్లాగు తెరుచుకుని కూర్చున్నారట. వాడు ఏమీ పెట్టలేదు. మర్నాడూ పెట్టలేదు. మిగతా ఏడుగురూ తలో రకంగా రాశారు, అవి చూసి వాళ్ళలో వాళ్ళు కొట్టుకున్నారు. వాడు మాత్రం ఆ ఆట గురించి ఇప్పటికీ ఒక అక్షరం రాయలేదు.

వకిసాకా గారు మూడు వారాలు నా సందులోకి రాలేదు. మాట తప్పాను కదా. తప్పాను, కాదనను. డిసెంబరు రెండో ఆదివారం తలుపు తోసుకుని వచ్చి నాకు ఎదురుగా, పెనం ముందు కూర్చున్నారు.

"నోరు జారారట" అన్నారు.

"జారలేదు. కావాలనే అన్నాను. తిడితే తిట్టండి."

పెదాలు చూసి అర్థం చేసుకున్నారు. తిట్టలేదు. కాసేపు పెనం మీద చేతులు కాచుకున్నారు. "ఆ తరవాత ఆ పిల్ల ఏమంది?"

"మంచిగానే అందండీ... నవ్వింది... నేను ఏడుస్తున్నాను..." బ్లాగులు చూడమందామా అంటే, ఆయన కంప్యూటరు కట్టి అటక మీద పడేశారని కార్ఖానా వాళ్ళు చెప్పారు.

ఆ చివర స్టూలు కదిలిన చప్పుడైంది. కజితా తన పళ్ళెం పట్టుకుని వచ్చి ఆయనకి కుడి పక్కన కూర్చున్నాడు. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, కొట్టంతా వినేలా చెప్పాడు.

"మిసుజు అంది గురువుగారూ. యంత్రం పెట్టడం తప్పే, దాని మీద తనకి కోపం పోలేదు అంది. ఏడాదిగా మీ చెయ్యి పట్టుకుని ప్రతిసారీ ఒకటే అడిగానంది, 'ఇవాళ నేను బాగానే చేశానా?' అని. మీరు తల ఊపేవారట. 'అన్ని తప్పులూ కనిపెట్టే మనిషి బాగుందన్నాడు కదా అని ఇంటికెళ్ళి హాయిగా పడుకునేదాన్ని' అంది. 'మానేద్దామనుకున్న ఆదివారాలు చాలా ఉన్నాయి, ఆ తల ఊపు చూసి మళ్ళీ వచ్చాను' అంది. ఇక్కడ కాసేపు ఆగింది. తరవాత, 'మీకు వినపడకపోవడమే మంచిదైంది వకిసాకా గారూ, వినపడితే బూటు తాడు దగ్గర్నుంచి లెక్క చెప్పేవారు' అని నవ్వింది. ఏడుస్తూ నవ్వింది. అది చెమట కాదు."

వకిసాకా గారి అట్టు అంచు మాడుతున్నా నేను తిప్పలేదు.

"ఇంకోసారి చెప్పు" అన్నారు.

కజితా గొంతు సవరించుకుని మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు.